యంత్రానికి మొహమాటం ఉండదు

ఆర్.కె. పురం,
3 ఆగస్టు 2025

ప్రవల్లికకు,

చిరంజీవి అని మొదలుపెట్టలేదు, గమనించు. మర్చిపోయి కాదు.

నీ కళ్ళజోడు వెనక్కి పంపిస్తున్నాను. రేపు మావాడు విష్ణు ఆఫీసుకి వెళ్తూ కొరియర్‌లో వేస్తాడు. డబ్బా, ఛార్జరు, చెవిలో దోపుకునే బుడిపె అన్నీ లోపలే ఉన్నాయి. నేలకేసి కొట్టాలనిపించింది గానీ, సర్కారు సొమ్ముతో చేసిందంటివి, అందుకని ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళు సర్కారు ఉప్పు తిన్నదాన్ని.

సంగతేమిటో నీకు తెలుసు. అయినా నా నోటితోనే విను. పోయిన గురువారం కాగితం మీద ఇలా రాసుకున్నాను: "నాకు స్ట్రోక్ వచ్చిన వారం సరోజ హైదరాబాదు నుంచి వచ్చింది. నా మంచం దగ్గర కూర్చున్న సేపు కంటే సరోజినీ నగర్లో చీరలు బేరమాడిన సేపే ఎక్కువ." రాసి, నీ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చూశాను. "నాకు స్ట్రోక్ వచ్చిన వారం సరోజ హైదరాబాదు నుంచి వచ్చింది" అని చదివి ఊరుకుంది. మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే. సరోజ నాకు చెల్లెలు, నీకు తల్లి. కళ్ళజోడుకి ఏమవుతుంది?

నాకు పోయింది చదువు, జ్ఞాపకం కాదు. తల వెనకాల ఎడమపక్క రక్తం ఆగింది. కుడివైపు సగం లోకం కనబడక తలుపు చెక్కలకి గుద్దుకుంటున్నాను. మాట ఉంది, చెయ్యి ఉంది, రాయడం ఉంది. చదవడం ఒక్కటే పోయింది. ఇదిగో, ఇప్పుడీ వాక్యం నేనే రాశాను. చూస్తే చీమలు పాకినట్టుంది. ఇలాంటి జబ్బొకటి ఉంటుందని డాక్టరు చెబితే మొదట నమ్మనిదాన్ని నేనే.

అందుకని పరీక్ష పెట్టాను. ఓ కాగితం మీద "ప్రవల్లిక ఒట్టి దొంగమొహంది" అని రాసి చూశాను. కళ్ళజోడు చాలాసేపు ఆలోచించి, "ఈ వాక్యం స్పష్టంగా లేదు" అంది. కింద "ప్రవల్లిక చాలా మంచి పిల్ల" అని రాశాను. అది మాత్రం గడగడా చదివింది! నా దస్తూరీ చూసి స్పష్టంగా లేదన్న మనిషి సెక్రటేరియట్‌లో పుట్టలేదు. యంత్రానికి మొహమాటం ఉండదమ్మా. మొహమాటం ఉన్నది యంత్రం కాదు.

ఎవరది? నువ్వా, ఇంకెవరన్నా ఉన్నారా? నా కాగితాలు చదివిందెవరు? విష్ణు ఢిల్లీ స్కూల్లో చదివి తెలుగు అక్షరాలు నేర్చుకోలేదు. కోడలు ఇంద్రజ ఇక్కడే పుట్టిన పిల్ల, తనకీ రాదు. ఇంట్లో చదవగలిగేవాళ్ళు లేరనే కదా ఆ కాగితాల మీద నా మనసులో ఉన్నదంతా కక్కుకున్నాను? బాత్రూంలో నా గతి, కోడలి మీద నా గొణుగుడు, అన్నీ. వాటిని తిరిగి చదువుకోగలుగుతున్నానని మొదటిసారి ఏడిస్తే అది కూడా వీడియో తీశారు. అక్టోబరులో గ్రాంటు ఇచ్చేవాళ్ళకి చూపిస్తామన్నావు, ఈమెకి మా కళ్ళజోడు చదువు తిరిగిచ్చిందని. అది ఆపు.

ఫోన్ చెయ్యకు. వాయిస్ మెసేజ్ పెట్టకు. ఏ పరికరంలోంచి వచ్చే గొంతునీ నేనిప్పట్లో నమ్మను. కాగితం మీద రాయి. కింద వాటాలో కూతురి దగ్గరుండే వీరరాఘవులు గారు అనంతపురం ఆయన, తెలుగు చదువుతారు. ఆయన చేత చదివించుకుంటాను.

ఎవరు? దానికి జవాబు రాయి, చాలు.

ఇప్పటికింకా నీ పెద్దమ్మనే,
నాగమల్లేశ్వరి


నోయిడా, సెక్టార్ 62,
9 ఆగస్టు 2025

పెద్దమ్మా,

నమస్కారం. చేత్తో తెలుగు రాసి ఎన్నాళ్ళయిందో. అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. ఎలాగూ తిడుతున్నావు కదా, దాంట్లో కలుపుకో.

ముందు మా పని సంగతి చెబుతాను, సాకులు అనుకున్నా సరే. మేం ఒక పరికరం చెయ్యాలంటే, అది పూర్తిగా తయారవకముందే మనుషులకిచ్చి చూస్తాం. అందులో ఇంకా రాని పనిని వెనకాల ఒక మనిషి కూర్చుని చేస్తాడు. వాడేవాళ్ళకి ఏం కావాలో, ఏం చదువుకోవాలనుకుంటారో అలాగే తెలుస్తుంది. ఇది మేం కనిపెట్టిన మోసం కాదు, మా రంగంలో అందరూ చేసేదే. అచ్చయింది ఏ భాషలో ఉన్నా కళ్ళజోడు తనే చదివేది. నీ మందుల అట్టలు, వారపత్రిక, మదర్ డైరీ పాల ప్యాకెట్టు, అవన్నీ నిజంగా అదే చదివింది. చేతిరాత దానికి రాదు. మొదటిరోజు నీకు చెప్పాను, వెనకాల సపోర్ట్ ఉంటుందని. నువ్వు "ఠీక్ హై" అన్నావు.

ఇప్పుడు నువ్వడిగిన దానికి జవాబు. నేనే. ఇంకెవరూ కాదు. టీములో తెలుగు వచ్చిందాన్ని నేనొక్కదాన్నే. నువ్వు కాగితం వైపు చూసినప్పుడల్లా ఫొటో నా ల్యాప్‌టాప్‌కి వచ్చేది. నేను టైపు చేస్తే ఆ గొంతు నీకు చదివేది. క్యాంటీన్లో రాజ్మా చావల్ పక్కకి నెట్టి టైపు చేశాను. బ్లూ లైన్ మెట్రోలో నిలబడి ఫోన్లో టైపు చేశాను. బాత్రూంలో కుడిపక్క గోడ కనబడక పడిపోయావని, ఇంద్రజ వదిన ఒళ్ళు రుద్దుతుంటే గోడవైపు తిరిగి ఏడ్చావని చదివిన రోజు ఆఫీస్ క్యాబ్‌లో నేనూ ఏడ్చాను. డ్రైవర్ భయ్యా బండి ఆపి మంచినీళ్ళిచ్చాడు. ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా.

కానీ మా అమ్మ గురించి రాసింది మాత్రం టైపు చెయ్యలేకపోయాను. నా తల్లిని తిట్టిన తిట్టు నా చేత్తో కొట్టి నీ చెవిలో వెయ్యాలా? నువ్వైతే వేస్తావా? అమ్మ చీరల కోసం వెళ్ళలేదు పెద్దమ్మా. నువ్వు పేపరు తిరగేసి పట్టుకుని చూస్తుంటే తట్టుకోలేక బయటికి పోయేది. ఉత్తచేతుల్తో వస్తే ఎక్కడికెళ్ళావని నువ్వడుగుతావని, ఏదో ఒకటి కొని తెచ్చేది. నిన్ను మోసం చేశాను, తప్పే. అయితే ఆ వాక్యం రాసినందుకు నీ మీద నాకూ కోపంగానే ఉంది.

వీడియో సంగతి. అది ఈ ప్రాజెక్టు నడిపే మా మేడం చేతిలో ఉంది, నా చేతిలో లేదు. అడిగి చూస్తాను.

నీ
ప్రవల్లిక


ఆర్.కె. పురం,
16 ఆగస్టు 2025

ప్రవల్లికకు,

నీ ఉత్తరం నిన్న, పంద్రాగస్టు నాడు చదివించుకున్నాను. డాబాల మీద పిల్లలు గాలిపటాలెగరేస్తూ ఒకటే గోల. ఆ గోలలో వీరరాఘవులు గారు బాల్కనీలో కూర్చుని, వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినబడేలా చదివారు. ఆయనకి మెల్లగా చదవడం రాదు. నా పరువు నాలుగు వాటాలకీ పంచి పెట్టడం అయింది.

మొదటి పేజీ దంచి చదివారు. మీ రంగంలో అందరూ చేసేదేనని, నేను ఠీక్ హై అన్నానని. రెండో పేజీ తిప్పి గొంతు సవరించుకున్నారు, మంచినీళ్ళడిగారు. తాగి, వీడియో నీ చేతిలో లేదన్నది చదివి, మడిచి నా చేతిలో పెట్టారు. "అంతేనా?" అన్నాను. "అంతేనక్కా, క్షేమమని రాసింది" అన్నారు.

క్షేమం ఎవరడిగారు? నేనడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి నీ దగ్గర జవాబు లేదు. సపోర్ట్ అంటే మిషన్ పాడైతే బాగుచేసే మెకానిక్ అనుకున్నాను, పక్కన కూర్చుని నా బతుకు చదువుకునేవాడు అనుకోలేదు. జవాబు లేదంటే అర్థం తెలుస్తూనే ఉంది. ఎవడో పరాయివాణ్ణి జీతమిచ్చి కూర్చోబెట్టారు. వాడు నా స్నానం చదివాడు, నా పక్కబట్టలు చదివాడు. మా కోడలి మీద నేను చెప్పుకున్న చాడీలు కోడలికి తెలియవు, వాడికి తెలుసు. వాడు టీ తాగుతూ పక్కవాడికి చెప్పి నవ్వాడో లేదో నువ్వు చూశావా?

ఇంద్రజ "ఛోడియే నా అత్తయ్యా, రీసెర్చ్ ఐసే హీ హోతీ హై" అంటోంది, పరిశోధనంటే ఇంతే, వదిలెయ్యమని. అందులో తన సంగతులు ఉన్నాయని తెలిస్తే ఛోడ్తుందేమో చూద్దాం.

విష్ణు చేత మీ మేడంకి ఈమెయిల్ రాయిస్తున్నాను. ఇంగ్లీషులో, నంబర్లు వేసి, నేను చెప్పినట్టు. ఆఫీసులో అలాంటివి ఎన్ని రాశానో మీ అమ్మనడుగు.

నాగమల్లేశ్వరి


నోయిడా,
22 ఆగస్టు 2025

నాగమల్లేశ్వరి గారికి,

నమస్కారాలు.

పరాయివాడు. చాలా బాగుంది. ఎం.టెక్ చదివినన్నాళ్ళూ మీ ముందుగదిలో దివాన్ మీద పడుకున్నాను. చలికాలం మీ రజాయి నామీద కప్పి మీరు శాలువాతో పడుకున్నారు. నాకు గుర్తుంది. మీకు లేదు.

రెండో పేజీ అంతా రాశాను. నేనే అని రాశాను. ఎక్కడ కూర్చుని చదివానో, ఎప్పుడు ఏడ్చానో రాశాను. అమ్మ సంగతి రాశాను. అంతా విని, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా "జవాబు లేదు" అంటారా? నేను టీ తాగుతూ పక్కవాడికి చెప్పి నవ్వానంటారా? మీరు వినదలుచుకోలేదు, అంతే. నిజం కావాలంటారు గానీ మీకు కావలసింది నిజం కాదు, తిట్టడానికి ఒక మనిషి. ఇంద్రజ వదిన ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆమెని కాగితం మీద తిడతారు. నేను దూరంగా ఉన్నాను కాబట్టి ఉత్తరంలో తిడతారు.

మీ ఈమెయిల్ మేడం అందరి ముందూ చదివారు. నంబర్లు బాగా వేశారు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, "మీ ఆంటీకి మీరే సర్దిచెప్పుకోండి, అక్టోబరు షో అయ్యేదాకా ఇది బయటికి పోకూడదు" అన్నారు. నేను సర్దిచెప్పను. వీడియో ఆపమని కూడా అడగను. గ్రాంటు రాకపోతే ఘాజియాబాద్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే, మీలాగే చదువు పోయిన ఒక పెద్దాయనకి ఆ అచ్చు చదివే కళ్ళజోడు కూడా దక్కదు. ఆయన మిమ్మల్ని తిట్టడు, మీరెవరో ఆయనకి తెలియదు కాబట్టి.

ఇక మీకు రాయను.

ప్రవల్లిక


ఆర్.కె. పురం,
29 ఆగస్టు 2025

ప్రవల్లికా,

నన్ను మీరు అన్నావు. పుట్టినప్పట్నుంచీ నువ్వు అన్నదానివి. వీరరాఘవులు గారు ఆ మొదటి "మీరు" దగ్గరే తడబడ్డారు. "రెండో పేజీ అంతా రాశాను" అన్నచోట ఆయన గొంతు చచ్చిపోయింది. ఇస్త్రీ బండి దాకా వినబడే మనిషి, నాకే వినబడలేదు. "మళ్ళీ చదవండి" అన్నాను. చదవలేదు. లోపలికి పోయి నీ మొదటి ఉత్తరం తెచ్చి ఆయన ఒళ్ళో వేశాను. "రెండో పేజీ" అన్నాను.

"వద్దులే అక్కా" అన్నాడాయన. "ఇంటి ఆడబిడ్డ. మాట మీద మాట పెరుగుతాదని నేనే ఇడిసిపెడితి. నీ మంచికే గదా."

నా మంచి! అదేమిటో నాకు తప్ప ఈ ఢిల్లీలో అందరికీ తెలుసు. నువ్వు నా మంచికి ఒక వాక్యం మింగావు. ఈయన నా మంచికి ఒక పేజీ మింగాడు. విష్ణు నా మంచికి బ్యాంకు కాగితాలు చదివి "ఏం లేదమ్మా, అంతా ఓకే" అంటాడు. నేనేమన్నా పసిపిల్లనా, ముళ్ళు తీసి నోట్లో పెట్టడానికి? ఆయన్ని లేవమన్నాను. ఇంద్రజ "అంకుల్, చాయ్ పీకే జాయియే" అంటున్నా వినకుండా తలుపేశాను. అంత పెద్దమనిషి మీద అలా తలుపేసినందుకు సిగ్గు లేదు నాకు. ఇప్పటికీ మండుతోంది.

తర్వాత ఏమైందో విను. ఆ రెండో పేజీ బల్ల మీద పరిచి, చింపేద్దామన్నంత కోపంతో వేలు పెట్టి గట్టిగా గీశాను. ఊరికే కాదు, నీ అక్షరం ఎటు తిరిగితే అటు, నేనే రాస్తున్నట్టు. వేలు చుట్టూ తిరిగి పైకి లేచింది. చెయ్యి "న" అంది. కళ్ళకి చీమలే. చేతికి తెలిసిపోయింది! రాయడం పోలేదు కదా, రాస్తే వస్తోంది. మళ్ళీ మళ్ళీ గీశాను. నీ దస్తూరీ కోడి కెలికినట్టుంది, సగం అక్షరాలు దొరకవు. ఇంద్రజ భోజనానికి పిలిచినా లేవలేదు. సాయంత్రానికి నాకు దక్కింది ఒకే మాట. "నేనే."

నువ్వే. సరే.

నువ్వని తెలిస్తే కోపం తగ్గుతుందనుకున్నావేమో, తగ్గలేదు. పరాయివాడైతే వాడి మొహం నేను చూడనక్కర్లేదు, మర్చిపోయేదాన్ని. నీకు రేపు పండక్కి అన్నం పెట్టాలి. నా ఒంటి సంగతి తెలిసిన నీ కళ్ళలోకి చూస్తూ పెట్టాలి. అది ఆలోచించావా?

ఇప్పుడింకో ప్రశ్న. ఇలా వేలితో చదవొచ్చని మీ పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉందా? మీ మేడంకి తెలుసా? నీకు తెలుసా? తెలిసే నాకు చెప్పలేదా? దీనికి జవాబు వీరరాఘవులు గారి చేత చదివించుకోను. విష్ణు ఫోను చేత కూడా చదివించుకోను. నాకే రాయి. వేలికి అందేలా రాయి.

పెద్దమ్మ


నోయిడా,
20 సెప్టెంబరు 2025

పెద్దమ్మా,

ఇది నీ వేలికి.

తెలుసు.

పుస్తకాల్లో ఉంది.

మేడంకి తెలుసు. నాకు తెలుసు.

దానికి కళ్ళజోడు అక్కర్లేదు.

అందుకే ఎవరమూ చెప్పలేదు.

మీటింగులో అందరి ముందూ చెప్పాను.

చదివింది కళ్ళజోడు కాదు, నేను అని.

వీడియో తీసేశారు.

నన్నూ తీసేశారు.

నేను మింగింది ఇదిగో.

నా మంచం దగ్గర కూర్చున్న సేపు కంటే సరోజినీ నగర్లో చీరలు బేరమాడిన సేపే ఎక్కువ.

ప్రవల్లిక ఒట్టి దొంగమొహంది.

ఒక్క అక్షరం మార్చలేదు.

ప్రవల్లిక


ఆర్.కె. పురం,
30 సెప్టెంబరు 2025

ప్రవల్లికకు,

నీ ఉత్తరం చదివాను. చదివించుకున్నాను అని కాదు, చదివాను అని రాస్తున్నాను. బాల్ పెన్ను నొక్కి బొటనవేలంత అక్షరాలు రాశావు, వరసకి ఓ వాక్యం, మందపాటి కాగితాలు. ఇంద్రజ కవరు విప్పి, "యే క్యా హై అత్తయ్యా, నర్సరీ బుక్?" అంది. అవును, నాదే, ఇలా ఇవ్వు అన్నాను. శనివారం మొదలుపెట్టాను. మధ్యలో తలనొప్పి వచ్చి పడుకున్నాను, లేచాను, మళ్ళీ మొదటికి పోయాను. చూపుడువేలు కాయ కాచింది.

"నన్నూ తీసేశారు" అన్నచోట వేలు తప్పు పోయిందేమో అనుకుని మళ్ళీ గీశాను. తప్పు పోలేదు. తప్పు పోతే బాగుండుననిపించింది. ఇవాళ వీరరాఘవులు గారు చదివి ఉంటే ఆ వాక్యం ఎలాగూ మింగేవారు, నేను హాయిగా ఉండేదాన్ని. అది కూడా తెలుసు నాకు. అయినా నాకు అదే కావాలి, మింగనిది. నంబర్లు వేసి ఆ ఈమెయిల్ రాయించింది నేను. దాని గురించి ఏమనాలో తెలియక మీ మేడంని తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను. దివాన్ అంచు తగిలి మోకాలు కమిలింది. తెలిసి కూడా చెప్పకుండా ఆరు నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టారే! ఆవిడ మొహాన అడుగుతాను, నువ్వు తీసుకెళ్ళకపోతే విష్ణు తీసుకెళ్తాడు.

నీ మీద కోపం పోలేదు. దొంగమొహంది అన్నమాట వెనక్కి తీసుకోను. నా వేలితో నేనే చదివాను, సరిగ్గానే రాశాను అనిపించింది. దివాన్ మీద పాత పేపర్లు తీయించాను. నోయిడాలో గది అద్దె దండగ అనిపిస్తే వచ్చి పడుకో. కళ్ళజోళ్ళు తేకు. ఇంద్రజ సంగతులున్న కాగితాలు అన్నీ నా తలగడ కిందే ఉన్నాయి, వాటి జోలికి రాకు.

మీ అమ్మ సంగతి ఆ మొదటి ఉత్తరం రెండో పేజీలో ఏదో రాశావట. నా వేలు ఇంకా అక్కడికి రాలేదు. క్యాంటీన్ దాకా వచ్చింది. ఫోన్ చేసి చెప్పేస్తానంటావేమో, చెప్పకు. సరోజని కూడా చెప్పొద్దను. ఎంత చేదున్నా నాకు నేనే వస్తాను దాని దగ్గరికి.

ఇందాక వీరరాఘవులు గారు మెల్లగా తలుపు కొట్టారు. ఆయనకి మెల్లగా కొట్టడం కూడా వచ్చని ఇవాళే తెలిసింది. "అక్కా, పోస్టు వచ్చినట్టుండాదే. ఈసారి ఒక్క ముక్క ఇడిసిపెట్టను, ఒట్టు. చదవమంటావా?" అన్నారు.

చదువుకుంటున్నాను, తర్వాత రండి అన్నాను.

పెద్దమ్మ